పదకొండు రోజుల హాజరు

పోయిన వారం నా కాగితాలు ఒక రోజు ఆలస్యంగా చేరాయని పత్రికవారు కబురు చేశారు. తప్పు నాదే. యాభై ఆరో ఏట పలక పట్టినదాన్ని, ఒక పేజీ నిండాలంటే నాకు ఒక పూట పడుతుంది. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. దీర్ఘం ఉండాల్సిన చోట మరిచిపోయి, అక్కర్లేని చోట పెడతాను. దిద్దిపెడుతున్న వారికి దండం. దిద్దినా మిగిలిపోయినవి ఉంటే చదివేవారు మన్నించండి.

*

కాలేజీ మెసేజి వచ్చిన మర్నాడు పొద్దెక్కినా నా కోడలు సస్మిత పళ్లెం ముట్టలేదు.

గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోవడం లేదని నాకు తెలుసు. కాలి బొటనవేలు గోడను గీరుతూనే ఉంది.

ముందురోజు మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన మెసేజిలో ఉన్నది ఇంతే. క్లాసులో పేరు పిలిచినప్పుడు పదకొండు రోజులు సస్మిత గొంతు కాక వేరే గొంతు పలికింది. దాని మీద రేపు మూడు గంటలకు విచారణ, ఫోన్లోనే. చెప్పే జవాబు సరిపోకపోతే ఈ ఏడు పరీక్ష రాయనివ్వరు.

నా కోడలు బరంపురం కాలేజీలో బి.ఏ. చివరి ఏడు. కాలేజీ అంటే బస్సెక్కి వెళ్లేది కాదు. రోజూ పదకొండు గంటలకు ఫోన్లో వచ్చేది. మా జాలరుల వీధి నోలియా సాహి మొత్తం మీద సిగ్నలు నిలకడగా ఉండేది మా వంటింటి కిటికీ దగ్గరే. అందుకని కాలేజీ కూడా ఆ కిటికీలోనే ఉండేది. ఫోనును చువ్వకు గుడ్డపీలికతో కట్టేవాళ్లం. కింద పొయ్యి, పైన చరిత్ర పాఠం.

మూడేళ్లు అలా గడిచాయి. ఇంక ఒక్క పరీక్ష దాటితే చాలు అనుకున్నప్పుడు ఇది వచ్చి పడింది.

పొద్దున్నే లేచి సస్మిత చేసిన మొదటి పని నవ్యకు ఫోను చేయడం. నవ్య దానితో పాటు చదువుతున్న పిల్ల, బరంపురం బడా బజార్లో ఉంటుంది. మూడేళ్లలో ఇద్దరూ ఎదురెదురుగా చూసుకున్నది రెండుసార్లేనేమో గాని, ఫోన్లో రోజూ గంటసేపు నవ్వుకునేవారు. ఆ పొద్దున నవ్వు లేదు.

"నా పేరుకి పలికినది నువ్వు కాకపోతే ఇంకెవులే? మన క్లాసులో నా బాగు కోరేదానివి నువ్వొక్కదానివే. బాగు కోరి సేసినా సేసినట్టే. ఇప్పుడు సెప్పు."

అవతల నవ్య ఏదో అంటోంది. ఒట్టు పెట్టుకుంటున్నట్టుంది. సస్మిత వినలేదు. ఇక నాకు ఫోను చేయకని చెప్పి పెట్టేసి, మళ్లీ గోడ వైపు తిరిగింది.

నేను పొయ్యి ముందు కూర్చుని ఇదంతా విన్నాను.

తరవాత మా మరిది ధనరాజు వచ్చాడు. పక్కిల్లే. ఆడపిల్లలకు ఫోను చదువులేటని మూడేళ్లుగా సణుగుతున్న మనిషి. విచారణకు కమిటీ కూర్చుంటుందని వినగానే ఊరి పెద్దలకు వచ్చే హుషారు అతనికి వచ్చింది. తనూ కూర్చుంటానన్నాడు. మూడు గంటలకు విచారణ అయితే పది గంటలకే ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చి గడపలో కూర్చున్నాడు.

"మగదిక్కు ఉండాల కదొదినా. నేకపోతే అలుసైపోతాం."

"సిన్నమాఁవా, ఫోనులో మగదిక్కుకి చోటు నేదు. నా మొకం ఒక్కటే పడతాది," అంది సస్మిత గోడకే చెబుతున్నట్టు.

"పడకపోతే మానె. ఇనడానికి సెవులున్నాయి కద."

పన్నెండింటికి జగదీష్ ఫోను. నా కొడుకు. కేరళలో కొల్లం రేవులో బోటు మీద పనిచేస్తాడు. మా సాహి కుర్రాళ్లు నలుగురు అదే బోటు మీద ఉన్నారు కాబట్టి ఇక్కడ తుమ్మితే అక్కడ వినబడుతుంది. సస్మిత తీయలేదు. నేను తీశాను. కోడలు దొంగ హాజరు వేయించుకుందని వాడికి చేరిపోయింది. నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నానని, కమిటీ లేదు గిమిటీ లేదు, అంతటితో ఆపేయమని చెప్పమన్నాడు.

"డిగ్రీ నేకపోతే సేప ఎండదా అమ్మా? ఒగ్గేయమను."

చెబుతాను అన్నాను. చెప్పలేదు. సస్మిత అడగనూ లేదు. వాడి గొంతు ఆ గదిలో ఎవరికైనా వినబడేంత పెద్దదే.

అప్పుడైనా నేను నోరు విప్పి ఉండవలసింది. విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పదకొండు రోజులూ పలికింది నేనే.

*

కొన్ని రోజులు బోట్లు ఆలస్యంగా ఒడ్డుకు వచ్చేవి. చేపలు ఏరే పనికి సస్మిత వెళ్లేది, నా మోకాళ్లు మొరాయించాక ఆ పని ఆ పిల్లదే. అలాంటి రోజు వెళ్లే ముందు ఫోను కిటికీకి కట్టి, పదకొండు కాగానే ఏ బొమ్మ నొక్కాలో, పేర్లు పిలవడం అయ్యాక పాఠం దాచిపెట్టుకోవడానికి ఏ ఎర్రచుక్క నొక్కాలో నాకు చూపించేది. సాయంత్రం వచ్చి ఆ పాఠం వినేది. పేరు పిలిచినప్పుడు పలకమని నాకు చెప్పలేదు. పలకొద్దనీ చెప్పలేదు.

మొదటి రోజు మేడం ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ వచ్చింది. సస్మిత అంది. ఎవరూ పలకలేదు. ఇంకోసారి సస్మిత అంది. నా చేయి దానంతట అదే లేచి మైకు బొమ్మ మీద గీత పోయేలా నొక్కింది. సస్మిత నొక్కడం రోజూ చూసేదాన్నే కదా. "ప్రెజెంట్ మేడం" అన్నాను. మేడం తరవాతి పేరుకు వెళ్లిపోయింది. నా మనసు చల్లబడింది.

మా ఒడ్డున పద్ధతి అది. వల లాగాక మా ఒడ్డు పెద్ద దాలయ్య ఇంటికొక కూరకుప్ప, అంటే కూరకు సరిపడా చేపలు, పెట్టి, వల లాగినవాళ్ల పేర్లు పిలుస్తాడు. మనిషి జ్వరంతో పడుకుని ఉన్నా, సంతకు పోయి ఉన్నా, తల్లో పెళ్లామో పక్కింటివాళ్లో "ఉన్నాడు" అంటారు. అది అబద్ధమని మాలో ఎవరూ అనుకోరు. పిలిచిన పేరును గాలికి వదిలేయడమే తప్పు.

నాకు ఆ తప్పు తెలుసు. ఇరవై రెండేళ్ల కిందట ఒక గాలివాన మర్నాడు ఒడ్డున నా పెనిమిటి కాసులు పేరు మూడుసార్లు పిలిచారట. నేను చికిటి సంతలో బుట్ట ముందు కూర్చుని ఉన్నాను. ఆ పేరుకు ఎవరూ పలకలేదు. పలికి ఉంటే ఆయన తిరిగి వచ్చేవాడని నేను అనను. కానీ ఆ తరవాత మా ఇంటివాళ్ల పేరు ఎవరు పిలిచినా నేను ఊరుకోలేను.

ఇదంతా సస్మితకు పొద్దున్నే చెప్పి ఉంటే నవ్యకు ఆ తిట్లు తప్పేవి. మా ఇంట్లోనే తప్పు జరిగిందని తేలితే కాలేజీవాళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటారని భయపడ్డాను. అది ఒక కారణం. రెండోది, ఆ పిల్ల నా మొహం చూడడం మానేస్తుందని. రెండోదే పెద్ద కారణం.

*

మూడు గంటలకు ఫోన్లో మూడు మొహాలు వచ్చాయి.

మధ్యలో ఉన్నది నాగేంద్రప్రసాద్ సారు. కాలేజీకి పెద్ద. తెలుగాయనే. వాళ్ల నాన్న రైల్వే ఉద్యోగం మీద బరంపురం వచ్చాడని సస్మిత ఎప్పుడో చెప్పింది. ఒక పక్కన పరీక్షల ఆఫీసు నుంచి ఒక ఒడియా సారు. మూడోది అరుణజ్యోతి మేడం, పాఠం చెప్పేది, పేర్లు పిలిచేది ఆవిడే. గొంతు నాకు బాగా తెలుసు. మొహం సరిగా చూసింది అప్పుడే. నేను అనుకున్నదాని కన్నా చిన్న మనిషి.

సస్మిత స్టూలు మీద కూర్చుంది. నేను పొయ్యి పక్కన, ధనరాజు తలుపు దగ్గర. ఫోన్లో పడకుండా గోడకు అంటుకుని నిలబడ్డా, చొక్కా కాలరు మాత్రం సర్దుకుంటూనే ఉన్నాడు.

ఆఫీసు సారు ఒడియాలో మొదలుపెట్టాడు. కొందరు కుర్రాళ్లు వేరేవాళ్ల చేత హాజరు పలికిస్తున్నారని తెలిసి, దాచిపెట్టిన క్లాసులన్నీ విన్నారట. అందులో ఇదీ దొరికిందట. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చదివి వినిపిస్తున్నట్టు చెప్పాడు. నిబంధన ప్రకారం ఒక ఏడాది పరీక్షకు కూర్చోకూడదన్నాడు. ఆ పిల్లకు ఏమైనా తెలుసా అని అడిగాడు.

సస్మిత తనకేమీ తెలియదంది. ఎవరినీ పలకమనలేదంది.

అయితే వినండి అని ఆయన ఒకటి వినిపించాడు.

మేడం గొంతు సస్మిత అంది. కాసేపు ఏమీ లేదు. తరవాత గొట్టంతో పొయ్యి ఊదుతున్న చప్పుడు, అది ఆగడం, ఆ వెనక, "ప్రెజెంట్ మేడం."

నా గొంతు బయటి నుంచి వినడం నాకు అదే మొదలు. ఇంత ముసలిగా ఉంటుందని అనుకోలేదు.

ధనరాజు నోరు తెరిచి నా వైపు తిరిగాడు. సస్మిత తిరగలేదు. వెనక నుంచి నాకు దాని మెడ కనబడుతోంది.

"ఈ గొంతు ఎవరిదో నీకు తెలుసా అమ్మా?" అన్నాడు నాగేంద్రప్రసాద్ సారు.

పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి.

"తెలుసు సార్."

"ఎవరిది?"

"నేను చెప్పను సార్."

ఆఫీసు సారు కళ్లజోడు తీశాడు. చెప్పకపోతే తప్పంతా నీ మీదే పడుతుంది కదా అన్నాడు. పడనివ్వండి అన్నట్టు ఆ పిల్ల అలాగే కూర్చుంది.

నేను లేచాను. మోకాళ్లు రెండూ ఒకేసారి చప్పుడు చేశాయి. స్టూలు పక్కకు వెళ్లి ఫోను ముందు నిలబడ్డాను. నా గడ్డం ఒక్కటే పడుతోందని మేడం అంటే ధనరాజు వచ్చి ఫోను పైకి తిప్పాడు. ఆ తిప్పడంలో అతని మొహం కూడా పడింది. అవకాశం దొరికింది కదా అని చేతులు జోడించి నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

"బాబూ, ఆ పలికినది నేనే. ఈ పిల్ల అత్తగారిని. దానికి తెల్దు."

"పదకొండు సార్లూ మీరేనా?" అంది అరుణజ్యోతి మేడం. ఆవిడ మొహంలో కోపం కన్నా వింత ఎక్కువ ఉంది. "ఒకసారి నేను, సస్మితా, గొంతు అలా ఉందేం అని అడిగాను. జలుబు మేడం అన్నారు."

"అన్నాను తల్లీ. ఆ రోజు నాకు నిజంగానే జలుబు."

నాగేంద్రప్రసాద్ సారు తల వంచుకుని ఏదో కాగితం చూశాడు. చాలాసేపు చూశాడు. భుజాలు కదిలాయి.

తరవాత ఎందుకు పలికానని అడిగాడు. ఒడ్డున పేర్లు పిలిచే పద్ధతి చెప్పాను. కాసులు సంగతి చెప్పలేదు. అది వాళ్ల కమిటీకి సంబంధించింది కాదు. ఒడియా సారు కోసం మళ్లీ ఒడియాలో చెప్పాను. ఆయన అంతా విని, మౌసీ చెప్పేది నమ్ముతున్నాను, కానీ కోడలికి తెలియదని ఏమిటి నమ్మకం, ఇంట్లో ఇద్దరూ కలిసే చేసి ఉండవచ్చు కదా అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు.

సస్మిత అప్పుడు నోరు విప్పింది.

"సార్, నేను రాని రోజులు నేను లెక్క పెట్టుకున్నాను. వాటిలో ఈ పదకొండు కూడా ఉన్నాయి."

గోడ మీద ఒడియా క్యాలెండరు ఉంది. తిథులూ పండగలూ ఉండేది. దాన్ని తెమ్మంది. ధనరాజు మేకుతో సహా పీకి తెచ్చాడు, కొంత సున్నం కూడా వచ్చింది. బోట్లు ఆలస్యమై క్లాసుకు అందని ప్రతి రోజు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. నేను రోజూ ఏకాదశి కోసం చూసే క్యాలెండరే. ఆ సున్నాలు ఏమిటని ఒక్కసారీ అడగలేదు.

మేడం తన దగ్గరున్న పదకొండు తేదీలూ ఒక్కొక్కటీ చదివింది. సస్మిత ఒక్కొక్క తేదీ మీద వేలు పెట్టి ఫోనుకు చూపించింది. పదకొండింటికీ సున్నా ఉంది. అవి కాక ఇంకో తొమ్మిది ఉన్నాయి. ఆ తొమ్మిది రోజులు కిటికీ దగ్గర కూడా సిగ్నలు లేక నేను పలకలేకపోయాను.

"హాజరు పడిందని తెలిసి ఉంటే నేను సున్నా చుట్టను కద సార్. ఎనభై ఎనిమిది క్లాసుల్లో అరవై ఆరు ఉండాలన్నారు. ఇరవై రెండు పోయినా పరవాలేదు. నావి ఇరవై పోయాయి. ఇంకా రెండు చేతిలో ఉన్నాయని ధైర్యంగా ఉన్నాను."

ఆఫీసు సారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కాగితం మీద కూడాడు. ఇంకోసారి కూడాడు. పదకొండూ కొట్టేస్తే అరవై ఎనిమిది మిగులుతున్నాయన్నాడు.

"అమ్మా," అన్నాడు నాగేంద్రప్రసాద్ సారు నాతో, చాలా మెల్లగా, "మీరు పలకకపోయినా మీ కోడలికి హాజరు సరిపోయేది."

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పలేను. పొయ్యి దగ్గరకు వెళ్లి కూర్చుండిపోయాను.

ముగ్గురూ కాసేపు గొంతు ఆపుకుని వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ధనరాజు పెదవులను బట్టి మాట పట్టాలని ఫోను మీదికి వంగాడు. సస్మిత అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఆ రోజంతా అది చేసిన మామూలు పని అదొక్కటే.

గొంతులు తిరిగి వచ్చాక సారు చెప్పాడు. పదకొండు రోజులూ కొట్టేస్తున్నారు. మందలింపు కాగితం ఒకటి పంపుతారు. పరీక్ష రాయవచ్చు. పలికింది తానేనని అత్తగారు ఒక కాగితం ఇవ్వాలి. ఆఫీసు సారు, వేలిముద్ర వేసినా చాలన్నాడు.

"సంతకం పెడతాది సార్," అంది సస్మిత. "రాస్తాది కూడా."

నాలుగు వాక్యాలు రాశాను. ఎంతసేపు పట్టిందంటే ఆఫీసు సారు టీ తెప్పించుకుని తాగడం ఫోన్లో కనబడింది. ఎవరూ తొందర పెట్టలేదు.

*

అయిదు కాకముందే హాల్ టికెట్టు వచ్చింది.

సస్మిత దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, పేరు చూసుకుంది, నంబరు చూసుకుంది, కింద ఉన్న తేదీలు చూసుకుంది. అప్పుడు ఊపిరి వదిలింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి పట్టుకున్న ఊపిరి కాబోలు, ఆ వదలడం గది అంతా వినబడింది.

ధనరాజు ఫోను లాక్కుని చూశాడు. ఫొటోలో మరీ సన్నగా ఉన్నావే, పరీక్షలోపు కాస్త తినమన్నాడు. మన పిల్ల ముగ్గురు సార్లకు ఎదురు నిలబడి గెలిచిందని వీధిలోకి వెళ్లి చెప్పడం మొదలుపెట్టాడు. ముగ్గురిలో ఒకావిడ మేడం కదా అని ఎవరో అంటే, లెక్కకు ముగ్గురేనన్నాడు. మూడేళ్ల సణుగుడు ఎక్కడికి పోయిందో.

సస్మిత గంజన్నం పెట్టుకుని తింది. ఎండుచేప నిప్పుల మీద కాల్చి ఇచ్చాను. తీసుకుంది. రెండోసారి పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

చేయి కడుక్కుని నవ్యకు ఫోను చేసింది. తప్పు నాదే అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. అవతల నుంచి చాలా మాటలు వచ్చాయి. వాటి మధ్య ఎక్కడో నవ్వు వచ్చింది. పలికింది ఎవరో విన్నాక ఆ నవ్వు ఇంక ఆగలేదు. ఈ పరీక్ష ఫోన్లో కాదు, బరంపురంలో ఒక హాల్లో కూర్చుని రాయాలి. పన్నెండు రోజులు. వచ్చి మా ఇంట్లో ఉండు అంది నవ్య. తిట్టినందుకు రోజూ అంట్లు నువ్వే తోమాలని కూడా అంది.

సస్మిత సరే అంది. నన్ను అడగలేదు.

ఫోను నాకు ఇచ్చి, తేదీలు చూసుకో అత్తమ్మా అని పళ్లెం తీయబోయింది. ఇంక నేను పట్టలేకపోయాను.

"తిట్టాలనుంటే తిట్టీయే. ఇలగ మాటాడకుండా ఉండకు."

పళ్లెం కింద పెట్టింది.

"తిట్టను. మాఁవ సంగతి నాకు తెలుసు. ఎందుకు పలికినావో తెలుసు. కానీ నేను సముద్రంలో పోనేదు అత్తమ్మా. ఒడ్డున సేపలేరతన్నాను."

"అవును."

"మా నాన్న నన్నడక్కుండా మీకు మాటిచ్చినాడు. మీ అబ్బాయి నన్నడక్కుండా కొల్లం ఎల్లిపోనాడు. ఆల మీద కోపం ఎప్పుడో పోయినాది. నువ్వు మంచిదానివి, అందుకే నీ మీద ఎక్కువ వస్తంది." అంతా మెల్లగానే చెప్పింది. "కోడలా అంటావు నువ్వు. సిన్నమాఁవ ఏమే అంటాడు. సాహిలో జగదీష్ పెళ్లామంటారు. పొద్దున్నించి సాయంత్రం దాకా నన్ను పేరెట్టి పిలిసేది ఆ మేడం ఒక్కత్తే. అది కూడా నువ్వే పలికేసినావు."

ఆ పిల్ల జవాబు కోసం చూడలేదు. పళ్లెం తీసుకెళ్లి కడిగి, బోర్లించి వచ్చింది. వచ్చి నా పక్కనే కూర్చుంది. అది చాలు అనుకున్నాను. రెండు రోజుల్లో మేమిద్దరం అంత దగ్గరగా కూర్చోవడం అదే.

"పన్నెండు రోజులు బరంపురంలో ఉంటాను," అంది కాసేపాగి. "మీ అబ్బాయికి ఇంకా సెప్పనేదు."

నేను చెబుతానులే అనబోయాను. మాట పెదవి దాకా వచ్చింది. అంతలో నా చేతిలోని ఫోను మోగింది. జగదీష్.

వాడి గొంతు మధ్యాహ్నం ఉన్నట్టు లేదు. ధనరాజు కబురు అప్పటికే బోటు ఎక్కేసింది. అంతా బాగానే అయిందట కదా అన్నాడు. పలికినది నువ్వేనట కదా అని నవ్వాడు కూడా. నాలుగు మాటలు మాట్లాడాక అడిగాడు.

"పరీచ్చ కూడా ఇంటికాడ నుంచే కద అమ్మా? ఫోన్లోనే కద?"

నా కొడుకును ఎలా తిప్పాలో నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లుగా తిప్పుతున్నాను. ముందు ఒంట్లో ఎలా ఉందని అడగాలి, తిండి సంగతి అడగాలి, ఆ మధ్యలో బరంపురం మాట మెత్తగా జార్చాలి. పొద్దుపోయేసరికి వాడే ఒప్పుకుని ఉండేవాడు. సస్మిత పేరు మీద నేను ఇంకో రోజు పలికి ఉండేదాన్ని.

"అది ఇక్కడే ఉంది. దాన్నే అడుగు," అన్నాను.

ఫోను చాచాను. సస్మిత నా మొహం చూసింది. తరవాత తడి చేయి చీర కొంగుకు తుడుచుకుని అందుకుంది.

నేను లేచి గుమ్మం దాటి అరుగు మీద కూర్చున్నాను. తలుపు నేనే దగ్గరగా వేశాను. అయినా మొదటి మాట బయటికి వినబడింది.

"ముందు నేను సెప్పేది ఇను."

గురువమ్మ
అరవై నాలుగేళ్లు
ఇప్పుడు ఉంటున్నది బరంపురం, బడా బజార్ వెనక వీధి